రాగి రేకు మీద చెంప రంగు

మనిషి చెంప ఏ రంగులో ఉంటుంది? పొద్దున ఒక రంగు, ఎండలో ఒకటి, మబ్బు పట్టిన సాయంత్రం మరొకటి. కోపం వస్తే ఎర్రబడుతుంది, జ్వరం తగిలితే పాలిపోతుంది. ముఖమంతా ఒక్కసారే మారుతుంది కాబట్టి ఎవరికీ పట్టదు. సగం మారి సగం మారకుండా ఉండిపోతే మాత్రం వీధి చివర నిలబడ్డవాడికి కూడా తెలిసిపోతుంది. 1918లో పారిస్‌లో ఒక శిల్పి రోజూ తలపట్టుకున్న చిక్కు ఇదే.

ఆమె పేరు ఆనా కోల్‌మన్ లాడ్. అమెరికా మనిషి. ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చునేది ఫ్రెంచి సిపాయి. ఒకరికి ముక్కు లేదు, ఒకరికి కింది దవడ లేదు, ఇంకొకరికి కంటితో సహా చెంప పోయింది. పోయిన మేరకు పల్చటి రాగి తొడుగు, మిగతాది సొంత చర్మం. తొడుగు అతని ముఖం మీద ఉండగానే ఆమె దానికి రంగు వేసేది. ఎండలో కనిపించే ఛాయ వేస్తే మబ్బు రోజున బయటపడిపోతుంది. మబ్బు రోజు ఛాయ వేస్తే ఎండలోకి వచ్చేసరికి ఆ ముక్క ప్రాణం లేనిదని తేలిపోతుంది. అందుకని రెంటికీ నడుమ ఉండే ఛాయను వెతికి పట్టుకునేది. అది ఏ రోజుకీ అచ్చంగా సరిపోదు, ఏ రోజునా మరీ తేడాగా ఉండదు. గడ్డం గీసుకున్న చెంప మీద సన్నగా తేలే నీలి నీడను కూడా మరిచిపోకుండా అద్దేది.

శిల్పులు సాధారణంగా చూపరుల కన్ను తమ పని మీద ఆగాలని కోరుకుంటారు. ఇక్కడ కన్ను ఆగకుండా జారిపోతేనే పని కుదిరినట్టు. ప్రదర్శనశాలల్లో పేరు తెచ్చుకున్నవాళ్లు ఆ పేరంతా పక్కన పెట్టి, ఎవరూ గమనించని వస్తువు చేయడానికి కూర్చున్నారు. నాకు ఈ కథలో ముందుగా నచ్చింది అదే.

ఈ పని అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలంటే కందకంలోకి దిగాలి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 చివరికల్లా పడమటి రంగంలో సైన్యాలు కదలడం మానేశాయి. ఉత్తర సముద్రం ఒడ్డు నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా మనుషులు నేలలో దూరి ఎదురెదురుగా కూర్చున్నారు. కందకం ఛాతీని, పొట్టను, కాళ్లను మట్టి వెనక దాస్తుంది. అవతలివాణ్ని చూడాలన్నా, తుపాకీ పేల్చాలన్నా గట్టు మీదికి తేల్చాల్సింది తలనే. గురి చూసి కాచుకున్న వాడికి కనిపించేదీ అదొక్కటే. మరతుపాకీ గుళ్లు ఎంత దట్టంగా వస్తాయో కొత్తగా వచ్చిన కుర్రవాళ్లకు అంచనా ఉండేది కాదనీ, తల టక్కున లేపి టక్కున దించేస్తే తప్పించుకోవచ్చని నమ్మేవాళ్లనీ వాళ్లకు చికిత్స చేసిన ఒక అమెరికన్ సర్జన్ తర్వాత రాసుకున్నాడు. ఫిరంగి గుళ్లు పగిలి ఎగిరే ఇనప ముక్కలు సరేసరి. అవి తూటాలా గుండ్రటి చిల్లు పెట్టి వెళ్లవు. కండను, ఎముకను చీల్చి పెకలించుకుని పోతాయి.

1915లో ఫ్రెంచివాళ్లకు ఆడ్రియన్ హెల్మెట్ వచ్చింది. ఆ ఏడాది చివరి నుంచి ఇంగ్లిషువాళ్లకు బ్రోడీ హెల్మెట్ అందసాగింది. ఉక్కు టోపీలు పుర్రెలను కాపాడాయి. వాటి అంచు కింద ఉండే కళ్లను, ముక్కును, నోటిని కాపాడే సంగతి వాటి చేతిలో లేదు. వెనకటి యుద్ధాల్లో ఇంత గాయం తగిలిన మనిషి రక్తం పోయో, గాయం కుళ్లో చనిపోయేవాడు. ఈసారి గాయాలు శుభ్రం చేసే పద్ధతులు మెరుగుపడ్డాయి, అంబులెన్సులు, ఆసుపత్రి రైళ్లు వచ్చాయి. చావాల్సినవాళ్లు బతికారు. దవడ లేని నోటితో, ముక్కు ఉండాల్సిన చోట గుంటతో ఇంటికి తిరిగొచ్చిన తరం ఒకటి తయారైంది.

కందకం ఒక మనిషికి నేర్పే చదువు కూడా విచిత్రమైనదే. పగలు పడుకోవాలి, రాత్రి పని చేయాలి. తలెత్తకూడదు. అవతలివైపు చూడాలంటే అద్దాలు బిగించిన పెరిస్కోప్ పెట్టుకుని, తాను కనపడకుండా చూడాలి. నెలల తరబడి ఇలా కనపడకుండా బతకడం అలవాటైనవాడు, చివరికి ఎక్కడికెళ్లినా అందరి కళ్లూ తన మీదే పడే ముఖంతో ఊళ్లోకి వస్తాడు. మిగతా సిపాయిలు కూడా మారే వచ్చారు. చప్పుడుకి ఉలిక్కిపడేవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు, ఇంట్లోవాళ్లతో మాట కుదరనివాళ్లు ఎందరో. వాళ్ల మార్పు లోపల దాగింది. ముఖం పోయినవాడి మార్పు బజారులో నిలబడింది.

ఇలాంటివాళ్లకు తొడుగులు చేయడాన్ని మొదట ఒక పనిగా చేపట్టినవాడు ఫ్రాన్సిస్ డెర్వెంట్ వుడ్ అనే ఇంగ్లిషు శిల్పి. నలభై దాటాక సైన్యపు వైద్యదళంలో ఆర్డర్లీగా చేరాడు. లండన్ శివారు వాండ్స్‌వర్త్‌లోని మూడవ లండన్ జనరల్ ఆసుపత్రిలో వేశారు. చెల్సీ ఆర్ట్స్ క్లబ్‌కు చెందిన చిత్రకారులు, శిల్పులు చాలామంది అక్కడ ఆర్డర్లీలు. బెడ్‌పాన్లు మోసే చేతులన్నీ కుంచె పట్టిన చేతులే అన్నమాట. వుడ్ మొదట విరిగిన ఎముకలకు కట్టే బద్దలు తయారుచేసేవాడు. రోగి ఒంటి వంపును బట్టి బద్దను మలచడం శిల్పికి కష్టం కాదు. అక్కణ్నుంచి అతని ఆలోచన ముఖం మీదికి వెళ్లింది. 1916లో ముఖాల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టాడు. దానికి కాగితాల మీద పొడుగాటి పేరు ఉండేది. సిపాయిలు మాత్రం తగరపు ముక్కుల దుకాణం అన్నారు. సిపాయి పెట్టే పేర్లలో జాలి ఉండదు, ఆ లేకపోవడమే ఊరట.

అంతకుముందు వాడిన రబ్బరు తొడుగులు బరువుగా ఉండేవి, త్వరగా పాడయ్యేవి. వుడ్ పల్చటి లోహానికి మారాడు. 1917లో లాన్సెట్ వైద్యపత్రికలో తన పద్ధతిని రాశాడు. సర్జన్ చేయగలిగిందంతా చేసి చేతులెత్తేసిన చోట తన పని మొదలవుతుందని అతని వాదం. గాయం మానడం ఒకటి, మనిషి మళ్లీ నలుగురిలోకి వెళ్లగలగడం ఇంకొకటి. ఈ తేడాను అతను వైద్యుల కంటే ముందు పట్టుకున్నాడనిపిస్తుంది.

అదే ఆసుపత్రిలో ఆర్డర్లీగా పనిచేసిన వార్డ్ మ్యూర్ అనే రచయిత ఒక సంగతి నిజాయితీగా రాసుకున్నాడు. ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ మాట్లాడటం ఎంత మామూలో, ఎంత అవసరమో ముఖాల వార్డులో పనిచేసేదాకా తనకు తెలియలేదట. చూపు ఎక్కడ నిలపాలో తోచేది కాదు. చూస్తే తన ముఖంలో కదిలేదేమిటో రోగి చదివేస్తాడన్న భయం. చూడకపోతే అది మరీ అవమానం. ఆ రోగికి అద్దం అక్కర్లేదు, ఎదుటివాడి ముఖమే చాలు. వుడ్ తొడుగులు ఎవరి కోసమో ఇక్కడ అర్థమవుతుంది. తొడుక్కునేవాడు సిపాయే. పని జరగాల్సింది మాత్రం ఎదురుగా నిలబడ్డవాడి కంట్లో.

లాడ్ ఈ పనిలోకి వచ్చింది దూరం నుంచి. పుట్టింది పెన్సిల్వేనియాలో, శిల్పం నేర్చుకున్నది పారిస్, రోమ్‌లలో. బోస్టన్ డాక్టరు మేనార్డ్ లాడ్‌ని పెళ్లాడి అక్కడ స్థిరపడింది. ఫౌంటెన్ల మీద నిలబెట్టే నాజూకు విగ్రహాలు ఆమె ప్రత్యేకత. బోస్టన్ పబ్లిక్ గార్డెన్‌లో ఇప్పటికీ ఆమె చేసిన పిల్లల విగ్రహం ఉంది. 1917 చివర్లో భర్త అమెరికన్ రెడ్‌క్రాస్ తరఫున పిల్లల వైద్యం చూడటానికి ఫ్రాన్స్ వెళ్లాడు. వుడ్ పని గురించి అప్పటికే విన్న లాడ్, అతన్ని సంప్రదించి పద్ధతి తెలుసుకుంది. రెడ్‌క్రాస్ ఖర్చుతో పారిస్‌లో ముఖపు తొడుగుల స్టూడియో తెరిచింది. లాటిన్ క్వార్టర్‌లో ఒక పాత మేడ పై అంతస్తు అది. కింద ఐవీ తీగలు అల్లుకున్న పెరడు, అందులో విగ్రహాలు. సహాయకులు నలుగురు. వాళ్లలో జేన్ పుప్లే అప్పటికే గుర్తింపు ఉన్న ఫ్రెంచి శిల్పి.

గదిని ఆసుపత్రిలా ఉంచలేదు. పూలు, పోస్టర్లు, రెండు దేశాల జెండాలు. వచ్చినవాళ్లకు వైన్, చాక్లెట్ ఇచ్చి కాసేపు కూర్చోబెట్టేవాళ్లు. ఎవరూ ఉలిక్కిపడకూడదు, ఎవరూ జాలి చూపకూడదన్నది అక్కడి నియమం. ఇది మర్యాద కోసం పెట్టుకున్నది మాత్రమే కాదు, పనిలో భాగం. బిగుసుకుని కూర్చున్న మనిషి అసలు ముఖకవళిక శిల్పికి అందదు. పోయిన సగాన్ని చేయాలంటే మిగిలిన సగం మామూలుగా ఉండాలి.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. దీన్ని తొందరగా దాటేస్తే ఈ మనుషులకు అన్యాయం చేసినట్టే.

గాయం పూర్తిగా మానాలి, ఆపరేషన్లన్నీ అయిపోవాలి. అప్పుడే మొదటి మెట్టు. ముఖానికి నూనె రాసి, ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. కళ్లు మూసుకుని, కదలకుండా, ఊపిరికి దారి ఎటో చూసుకుంటూ అది గట్టిపడేదాకా ఓర్చుకోవాలి. మట్టి మీద పడి కప్పేసిన కందకంలోంచి బయటపడ్డవాడికి ఆ కాసేపు ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ అచ్చులోంచి పోత తీస్తే అందులో మనిషి కళ్లు మూసుకుని ఉంటాడు, గాయం ఉన్నదున్నట్టు ఉంటుంది. దాని మీంచి మళ్లీ మెత్తటి మట్టితో ఒక ప్రతి తీసి, ఆ మట్టి మీద శిల్పి కూర్చుంటాడు.

ఇక్కడ చేసేవి రెండు. ఒకటి, మూసిన కళ్లు తెరిపించడం. రెండు, పోయిన భాగాన్ని తిరిగి మలచడం. రెండోదానికి ఆధారం యుద్ధానికి ముందు తీయించుకున్న ఫొటో. సైన్యంలో చేరేముందు స్టూడియోకి వెళ్లి తీయించుకున్నదో, పెళ్లినాటిదో అయి ఉంటుంది. ఫొటో చిన్నది, ఒక్క వైపు నుంచే చూపిస్తుంది. మిగతా కొలత ముఖంలో మిగిలిన భాగం నుంచి తీసుకోవాలి. ఎడమ ముక్కుపుటం ఉంటే కుడిది దాన్నిబట్టి. రెండూ పోతే పైపెదవి వంపును బట్టి, నొసలు వెడల్పును బట్టి. కానీ ఏ మనిషికీ కుడి ఎడమలు అచ్చుగుద్దినట్టు ఉండవు. ఎడమదాన్ని తిప్పి కుడివైపు పెట్టేస్తే బొమ్మ ముఖం వస్తుంది. ఆ కాస్త తేడాను కావాలని కల్పించాలి. అందంగా దిద్దాలన్న చెయ్యిని ఆపుకోవడమే ఇందులో విద్య.

ముఖంలో ఏ భావం పెట్టాలి? విగ్రహానికైతే ధైర్యమో, శాంతమో ఏదో ఒకటి నిలిపేస్తాం. ఈ తొడుగును అతను పెళ్లికీ పెట్టుకుని వెళ్తాడు, చావుకీ పెట్టుకుని వెళ్తాడు. చంటిపిల్లను ఆడించేటప్పుడూ, పై అధికారి చీవాట్లు పెడుతున్నప్పుడూ అదే ముఖం. నవ్వు పెడితే చావింట్లో అసహ్యంగా ఉంటుంది. గంభీరం పెడితే పిల్ల జడుసుకుంటుంది. అంచేత ఏ భావమూ లేనట్టు ఉంటూ, బొమ్మలా కూడా ఉండకూడని ఒక ముఖం కావాలి. లాడ్ స్టూడియో ఫొటోల్లో చూడండి, ఆ తొడుగుల్లో ఉన్నది వినడానికి సిద్ధంగా ఉన్న మనిషి తీరు. ఏ సందర్భానికీ పెద్దగా అడ్డురానిది అదొక్కటే అని వాళ్లు పని చేస్తూ చేస్తూ తెలుసుకున్నట్టున్నారు. కొన్నిటికి పెదవులు కాస్త విడివడినట్టు చేశారు, సిగరెట్ హోల్డర్ పట్టేటంత సందు. ముఖం పోయిన సిపాయి కూడా సిగరెట్ కాలుస్తాడని గుర్తుపెట్టుకున్న చెయ్యి అది.

మట్టి నమూనా ఖాయమయ్యాక దాని మీంచి గట్టా పర్చా అనే చెట్టు బంకతో పోత తీసి, దాన్ని రాగి ద్రావణంలో వేలాడదీసి కరెంటు పంపుతారు. మన బజార్లలో గిల్టు నగలకు పూత పట్టించే పద్ధతే. ఇక్కడ మాత్రం పూత పట్టడమే కాదు, రాగి పొరగా పేరుకుని తనంతట తాను నిలబడే రేకు కావాలి. దాని మందం అంగుళంలో 32వ వంతు, అంటే మిల్లీమీటరు కూడా లేదు. మొత్తం ముఖం కప్పేదా, సగమా అన్నదాన్నిబట్టి బరువు దాదాపు 110 గ్రాముల నుంచి 250 గ్రాముల దాకా. 250 గ్రాములంటే చేతిలో బరువు కాదు. ముక్కు దూలం మీద, చెవుల మీద పొద్దస్తమానం మోయాలంటే బరువే.

ఆ రేకు నిలవాలి. జిగురు పనికిరాదు, మచ్చలు కట్టిన చర్మం ఒప్పుకోదు. కళ్లజోడే దీనికి జవాబైంది. జోడును తొడుగుకే అతికించి, కాడలు చెవులకు తగిలించేవాళ్లు. పట్టు దొరికింది, దాంతోపాటు ఇంకో లాభం కూడా. రాగికీ చర్మానికీ కలిసే గీతను కళ్లజోడు అంచు కప్పేస్తుంది. కింది అంచును మీసం కప్పుతుంది. అతుకు కనిపించే ప్రతిచోటా అక్కడ సహజంగా ఉండాల్సిన వస్తువే దాన్ని దాచేలా చూసుకున్నారు. చేసినవాడి తెలివి కంటపడకుండా ఉంటేనే తెలివి అనిపించే పని ఇది.

కనుబొమలు, రెప్పవెంట్రుకలు, మీసాలు లాడ్ స్టూడియోలో అసలు వెంట్రుకలతో పెట్టేవాళ్లు. వుడ్ దుకాణంలో సన్నటి తగరపు రేకును చీలికలుగా కోసి వాడారు. పాత గ్రీకు విగ్రహాలకు రెప్పలు అలా పెట్టేవాళ్లు. మ్యూజియంలో నేర్చుకున్న కిటుకు తిరిగి సిపాయి కంటిమీదికి వచ్చింది. రంగు విషయంలో లాడ్ మొదట తైలవర్ణాలు వాడింది, అవి పెచ్చులూడాయి. తర్వాత గట్టి ఎనామిల్‌కు మారింది. నీళ్లతో కడుక్కోవచ్చు, పైగా మెరవదు. చర్మం మెరుపు వేరు, లోహం మెరుపు వేరు. ఎంత చక్కటి రంగైనా తళుక్కుమంటే చాలు, చూసేవాడికి అది చర్మం కాదని తెలిసిపోతుంది. ఒక్కో తొడుగుకు సుమారు నెల పట్టేది.

స్టూడియో గోడ ఫొటో ఒకటి మిగిలి ఉంది, 1918 నాటిది. గోడకు వరుసలుగా ప్లాస్టర్ ముఖాలు. పై వరుసలో సిపాయిలు వచ్చినప్పటి ముఖాలు, గాయాలతో సహా. కింది వరుసలో వాటి ఆధారంగానే, ఫొటోల సాయంతో తిరిగి మలచినవి. బల్ల మీద పూర్తయిన తొడుగులు, ఒక్కోటి ముక్కో, చెంపో, గడ్డమో అయినంత మేరకే. మొత్తం ముఖం కప్పాలని వాళ్లు తాపత్రయపడలేదని అక్కడ తెలుస్తుంది. పోయినదానికి మాత్రమే తొడుగు. మిగిలిన చర్మం ఒక్క అంగుళమైనా సరే, అది కదులుతుంది, చెమట పడుతుంది, ఎర్రబడుతుంది. దాన్ని బయట ఉంచితే ఆ ప్రాణం తొడుక్కున్న భాగానికి కూడా అప్పుగా దొరుకుతుంది.

సర్జన్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. న్యూజిలాండ్‌లో పుట్టిన హెరాల్డ్ గిలీస్ 1916లో ఆల్డర్‌షాట్‌లో ముఖాల వార్డు పెట్టించాడు. ఆ ఏడాది జులైలో సోమ్ యుద్ధం మొదలయ్యాక వార్డు చాల్లేదు, గాయపడ్డవాళ్లు సుమారు 2,000 మంది వచ్చిపడ్డారు. 1917లో కెంట్‌లోని సిడ్‌కప్‌లో ఇందుకోసమే ఆసుపత్రి తెరిచారు. అక్కడ 5,000 మందికి పైగా మనుషుల మీద 11,000కు పైగా ఆపరేషన్లు జరిగాయి. గిలీస్‌కు పేరు తెచ్చిన పద్ధతి, భుజం దగ్గరో ఛాతీ మీదో చర్మాన్ని ఒక చివర వదలకుండా గొట్టంలా చుట్టి, రెండో చివరను ముఖానికి కుట్టి, రక్తం పారుతుండగానే దాన్ని కొత్తచోట నాటుకునేలా చేయడం. చిత్రకారుడు, ఒకప్పటి సర్జన్ హెన్రీ టాంక్స్ ఆ రోగుల ముఖాలను పాస్టెల్ రంగుల్లో గీశాడు.

సిడ్‌కప్‌లో ముక్కులు తిరిగి కట్టడానికి నుదుటి చర్మాన్ని కిందికి మలిచే పద్ధతి బాగా వాడారు. ఆ పద్ధతి మన దేశం నుంచి వెళ్లిందే. మూడో మైసూరు యుద్ధంలో ఇంగ్లిషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కోవాస్జీ అనే మరాఠా మనిషి టిప్పు సుల్తాన్ మనుషులకు చిక్కి ముక్కు, ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. తర్వాత పూణేలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతని నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టాడు. ఆ సంగతి బొమ్మతో సహా 1794 అక్టోబర్‌లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో ఆ ఆపరేషన్ చేశాడు. నూరేళ్ల తర్వాత ఫ్లాండర్స్ బురదలో ముక్కు పోయిన ఇంగ్లిషు సిపాయికి పనికొచ్చింది పూణే వైద్యుడి విద్య. ఆ వైద్యుడి పేరు మాత్రం పత్రిక వేయలేదు.

చర్మం నిజమైనది కాబట్టి సర్జరీయే గొప్పదని చాలామంది ఇప్పుడు తేల్చేస్తారు. చరిత్ర కూడా అటే వెళ్లింది. కానీ 1918లో ఒక సిపాయి ఎదుట ఉన్న లెక్క వేరు. ఒక్కో ముఖానికి ఆపరేషన్లు ఏళ్ల తరబడి సాగేవి. యాంటీబయాటిక్ మందులు లేవు. నాటిన చర్మం కుళ్లి మొదటికి వచ్చిన సందర్భాలున్నాయి. ఇక కత్తి కిందికి వెళ్లలేనన్నవాడికి, ఇక చేయడానికేం లేదని చెప్పించుకున్నవాడికి తొడుగే మిగిలిన దారి. ఎనామిల్ రంగుతో రైలెక్కి ఊరికి వెళ్లొచ్చు.

ఊళ్లో ఏం ఎదురైంది? సిడ్‌కప్‌లో ఆసుపత్రి నుంచి పట్టణానికి వెళ్లే దారిలో కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు. వాటి మీద కూర్చున్నవాడి ముఖం చూసి జడుసుకోవద్దని పట్టణవాసులకు ముందస్తు హెచ్చరిక. దయతోనే చేసి ఉంటారు. కానీ అక్కడ కూర్చోవాల్సినవాడి వైపు నుంచి ఆలోచిస్తే ఒళ్లు మండుతుంది. వార్డుల్లో అద్దాలు ఉండనిచ్చేవాళ్లు కాదు. బ్రిటిష్ పింఛను లెక్కల్లో తీవ్రంగా పాడైన ముఖాన్ని రెండు కాళ్లు పోవడంతో సమానంగా పూర్తి పింఛనుకు తగిన నష్టంగా చూశారు. ముఖంతో బరువులెత్తరు, నాగలి దున్నరు. అయినా అది లేనివాడు ఉద్యోగానికి పనికిరాడని సర్కారే ఒప్పుకున్నట్టు. జనం చూడకుండా సినిమా హాల్లో ప్రొజెక్టర్ గదిలో పని వెతుక్కున్నవాళ్లు ఉన్నారు. కందకంలో పగలు దాక్కుని రాత్రి బయటికి వచ్చిన అలవాటు ఊళ్లో కూడా కొనసాగింది.

అందరి కథా ఇలాగే ముగిసిందనుకోవడం తప్పు. సిడ్‌కప్‌లో బొమ్మల తయారీ లాంటి పనులు నేర్పారు. ఎంతోమంది పెళ్లాడారు, పిల్లల్ని కన్నారు, మామూలు ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు. తన తొడుగు వల్ల తాను ప్రేమించిన మనిషి ఇక తనను చూసి ముడుచుకోవడం లేదని లాడ్‌కు ఉత్తరం రాసినవాడు ఉన్నాడు.

ఫ్రాన్స్‌లో కొందరు ఇంకో దారి పట్టారు. 1919 జూన్ 28న వెర్సాయ్ అద్దాల మందిరంలో సంధి సంతకాలు జరిగినప్పుడు ముఖాలు ఛిద్రమైన అయిదుగురు ఫ్రెంచి సిపాయిలను ప్రధాని క్లెమాన్సో పిలిపించి గదిలో నిలబెట్టాడు. సంతకం పెట్టడానికి వచ్చిన జర్మన్ ప్రతినిధులు వాళ్లను చూడాల్సిందే. ఆ అయిదుగురూ తొడుగులు లేకుండా నిలబడ్డారు. 1921లో అలాంటివాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు, పగిలిన మూతులు అని తమను తాము పిలుచుకున్నారు, అయినా నవ్వుదాం అన్నది వాళ్ల నినాదం. కర్నల్ పికో వాళ్ల నాయకుడు, తన ముఖం కూడా యుద్ధంలో పోయినవాడే. చందాలతో పారిస్ దగ్గర మూసీ అనే ఊళ్లో ఒక కోట కొని, ఎవరూ వింతగా చూడని చోటు ఒకటి తమకంటూ ఏర్పరచుకున్నారు. లాటరీ నడిపి డబ్బు సమకూర్చుకున్నారు. ఫ్రెంచి జాతీయ లాటరీ వంశవృక్షంలో వాళ్ల పేరు ఇప్పటికీ ఉంది. లాడ్ తొడుగును మెచ్చుకుంటూనే వీళ్లను కూడా మెచ్చుకోక తప్పదు. ముఖాన్ని దాచకుండా, జనం కంటినే మార్చాలని పట్టుబట్టారు.

తొడుగుకున్న లోటు అందరూ ఊహించేదే. అది నవ్వదు, నమలదు. ఎండాకాలం లోపల చెమట. ఎంత గట్టి ఎనామిల్ అయినా ఎక్కడో ఒక చోట రాలుతుంది, కింద రాగి కనిపిస్తుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు వయసు. ఇరవై రెండేళ్ల ఫొటో చూసి చేసిన చెంప ఇరవై రెండేళ్ల దగ్గరే ఆగిపోతుంది. పక్కనున్న అసలు చెంప ముడతలు పడుతుంది. పదేళ్లకు ఒకే మనిషి ముఖంలో అన్నదమ్ములిద్దరు ఉన్నట్టుంటుంది. లాడ్‌కు ఇది తెలియదని నేననుకోను. మొదటి కొన్నేళ్లు దాటించడమే తన పని అనుకుని ఉంటుంది. మనిషి ఇల్లు చేరి, పని వెతుక్కుని, ఇరుగుపొరుగుకు అలవాటయ్యేదాకా.

1919 చివరికి ఆ స్టూడియో 185 తొడుగులు చేసిందని లెక్క. ముఖాలు పోయినవాళ్ల సంఖ్య ముందు అది ఏ మూలకీ రాదు. లాడ్ అమెరికా వెళ్లిపోయాక సహాయకులు కొంతకాలం నడిపారు, రెడ్‌క్రాస్ డబ్బు ఆగాక మూతపడింది. వాండ్స్‌వర్త్ దుకాణం 1919లోనే కట్టేశారు. తయారైన తొడుగుల్లో చాలామట్టుకు తొడుక్కున్నవాళ్లతోపాటే మట్టిలో కలిసిపోయి ఉంటాయి. ఫ్రెంచి ప్రభుత్వం 1932లో లాడ్‌కు లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. 1939లో ఆమె కాలిఫోర్నియాలో చనిపోయింది.

యుద్ధం అయ్యాక లాడ్‌కూ వుడ్‌కూ స్మారకాలు చెక్కే పని దొరికింది. మసాచుసెట్స్‌లోని మాంచెస్టర్ బై ద సీ అనే ఊరి మాజీ సైనికులు అడిగితే లాడ్ ముళ్లకంచె మీద వేలాడే కుళ్లిన శవాన్ని చేసింది. వీరుడు లేడు, జెండా లేదు. వుడ్‌కు వచ్చింది మరతుపాకీ దళం స్మారకం. లండన్ హైడ్ పార్క్ కార్నర్‌లో 1925లో ఆవిష్కరించారు. అందులో నగ్నంగా నిలబడ్డ యువకుడు దావీదు, పెద్ద కత్తి మీద చెయ్యి ఆనించి. అటూ ఇటూ లారెల్ ఆకుల దండలు వేసిన రెండు మరతుపాకులు. పీఠం మీద దావీదు ఎన్ని వేలమందిని చంపాడో చెప్పే బైబిలు వాక్యం. మరతుపాకులు కందకం గట్టు మీద ఏం చేశాయో వుడ్ మూడేళ్లపాటు చేతులతో తడిమి తెలుసుకున్నవాడు. ఎలా ఒప్పుకున్నాడో తెలియదు గానీ, దావీదు ముఖం మాత్రం మచ్చలేకుండా, నున్నగా, ఎంతో అందంగా ఉంది. వంపులు చక్కగా కుదిరాయి, పని నిక్కమైన పనే. అయినా నా లెక్కలో ఆ శిల్పం వాండ్స్‌వర్త్‌లో అతను చేసిన ఒక్క తగరపు ముక్కుకు సాటి రాదు.